లేడు, లేచెను: తెలుగు క్రైస్తవ నిత్యజీవనంలో పునరుత్థాన విశ్వాసం – జాషువ ‘శ్మశానవాటి’

వ్యాససంగ్రహం

క్రైస్తవ విశ్వాసానికి కేంద్రమైన పునరుత్థానాన్ని తెలుగువారు ఏ మాటలతో చెప్పుకొన్నారు, ఆ మాటలు నిత్యజీవనంలో ఏ పనులకు దారితీశాయి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశాఖపట్నంలో 1805 తర్వాత మొదలైన సువార్తల అనువాదాన్ని, ఈస్టరు వేకువన సమాధుల దగ్గర జరిగే ఆచరణను, గుర్రం జాషువ ‘శ్మశానవాటి’ ఖండికను ఒకచోట చేర్చి చదువుతుంది. పునరుత్థానం అనే తత్సమ నామం సిద్ధాంతాన్ని మోస్తుంటే, లేచు అనే దేశ్య క్రియ జీవితాన్ని మోస్తున్నదని, ఆ క్రియ బరువు తెలిసిన రచనగా ‘శ్మశానవాటి’ని చదవవలసి ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పునరుత్థానం, లేచు ధాతువు, బైబిలు అనువాదం, సమాధుల తోట, జాషువ, శ్మశానవాటి, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని గురించిన చర్చ ఎక్కువగా రెండు దారుల్లో నడిచింది. ఒకటి మిషనరీల భాషాసేవ: నిఘంటువులు, వ్యాకరణాలు, ముద్రణ. రెండోది దళిత చైతన్యం: విద్య, ఆత్మగౌరవం, ధిక్కారం. ఈ రెండూ అవసరమైన దారులే. అయితే ఈ రెండింటిలోనూ విశ్వాసం ఒక నేపథ్యంగానే మిగిలిపోతుంది. చనిపోయినవాడు లేచాడని నమ్మే మనిషి తన ఇంట్లో చావు జరిగినప్పుడు ఏ మాట వాడతాడు, ఆ మాట అతని చేత ఏ పని చేయిస్తుంది అన్నది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నే. ఎందుకంటే విశ్వాసం మొదట భాషలోనే రూపు కడుతుంది.

ఈ పరిశీలనకు విశాఖపట్నం తగిన చోటు. తెలుగులో అచ్చయిన తొలి సువార్తలకు మూలం ఇక్కడే ఉంది. 1933లో తెరుచుకొన్న ఓడరేవు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ పట్టణాన్ని వలసవచ్చిన శ్రామికుల నగరంగా మార్చాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు తమ చనిపోయినవారిని ఏ నేలకు అప్పగించాలన్నది ఇటువంటి నగరంలో నిత్యం ఎదురయ్యే ప్రశ్న. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1970లో జాషువను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. ఈ వ్యాసానికి కేంద్రమైన ఖండిక ఆయనదే.

2. విశాఖపట్నంలో మొదలైన అనువాదం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకొన్నారు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు వారి అనువాదంలో తోడ్పడ్డాడు. అంతకుముందు 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ తెలుగులో చేసిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖలో సిద్ధమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్ మరణించి మూడేళ్లు, డెస్ గ్రాంజెస్ మరణించి రెండేళ్లు. పుస్తకం వెలువడే వేళకు దాని అనువాదకులిద్దరూ లేరు. విశాఖలోనే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఆ తర్వాతి కాలంలో జాన్ హే వంటివారు ఈ కృషిని కొనసాగించారు.

అనువాదంలో ఆనందరాయరు వంటి సహాయకుల పాత్రను సాధారణంగా ఒక వాక్యంతో ముగిస్తారు. కాని ఒక విశ్వాసం కొత్త భాషలోకి వచ్చేటప్పుడు అసలు సమస్య వ్యాకరణం దగ్గర ఉండదు. ఆ భాషలో చావు గురించి అప్పటికే స్థిరపడిన మాటల దగ్గర ఉంటుంది. మృతి, మోక్షం, జన్మాంతరం, పితృలోకం అనే మాటల నడుమ, ఒకే శరీరం ఒకే పేరుతో మళ్లీ నిలబడిందన్న సంగతిని చెప్పవలసి వచ్చింది. నేడు ఆలయాల్లో చదివే బైబిలు భాషలో దీనికి రెండు సాధనాలు కనిపిస్తాయి. సిద్ధాంతంగా చెప్పేచోట పునరుత్థానము అనే నామం. జరిగినదానిని చెప్పేచోట లేచు, లేపు అనే క్రియలు.

3. ధాతువుల పొరుగు

ఈ రెండు సాధనాల బలం ఒకటి కాదు. మూలమైన గ్రీకులో ఈ సంఘటనను చెప్పే రెండు క్రియలూ ఇంటి మాటలే. ఎగెయిరో అంటే నిద్ర నుంచి లేపడం. అనిస్తేమి అంటే నిలబెట్టడం, నిలబడడం. తెలుగులో లేచు అన్న ఒక్క ధాతువే ఈ రెండర్థాలనూ కలుపుకొని ఉంది. మంచం మీది నుంచి లేస్తాం, కూర్చున్నచోటి నుంచి లేస్తాం. పొద్దు లేస్తుంది, గాలి లేస్తుంది. యాయీరు కూతురిని బతికించే ఘట్టంలో ఏసు పలికే ఆజ్ఞ తెలుగులో లెమ్ము అన్న ధాతువుతోనే ఉంటుంది. తెల్లవారితే ప్రతి ఇంట్లో తల్లి తన బిడ్డకు చెప్పే మాట అదే. మహాద్భుతాన్ని చెప్పడానికి వంటింటి మాట చాలింది. ఆ ఘట్టం చివర ఆ పిల్లకు అన్నం పెట్టమని చెప్పడం కూడా ఆ మాటకు తగినట్టే ఉంది.

తెలుగులో దీనికి మరో విశేషం చేరింది. ఖాళీ సమాధి దగ్గర స్త్రీలు విన్న వార్తలో మొదట లేడు అన్న వ్యతిరేక క్రియ, వెంటనే లేచు ధాతువు వస్తాయి. లేడు, లేరు అన్నవి తెలుగు ఇళ్లలో చావును చెప్పే అతి మృదువైన మాటలు. ‘నాన్నగారు లేరు’ అంటే ఊళ్లో లేరని కావచ్చు, లోకంలో లేరని కావచ్చు. ఈ సందిగ్ధతనే తెలుగు దుఃఖం ఆశ్రయించింది. సువార్త వాక్యం ఆ మాటనే తీసుకొని దాని అర్థాన్ని తిప్పేసింది. సమాధిలో లేకపోవడం చావుకు గుర్తు కాకుండా బతుకుకు గుర్తయింది.

ధ్వని దృష్టితో చూస్తే ఈ రెండు రూపాలు పొరుగువి. చరిత్ర దృష్టితో చూస్తే వేరువేరు కుదుళ్లవి. లేచు ధాతువుకు తమిళ ఎళు, కన్నడ ఏళు జ్ఞాతులు. లేదు, లేడు రూపాలకు తమిళ ఇల్, కన్నడ ఇల్లా జ్ఞాతులు. ఉరల్ అన్నది రోలు అయినట్లే, వర్ణవ్యత్యయం వల్ల రెండు ధాతువులూ తెలుగులో లే అన్న ఆద్యక్షరానికి చేరుకొన్నాయి. ద్రావిడ భాషల్లోని ఈ మార్పును భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వెలువరించిన తెలుగు క్రియాధాతువుల అధ్యయనం శాస్త్రీయంగా నిరూపించింది. తమిళంలో దూరంగా ఉండిపోయిన అభావం, ఉత్థానం తెలుగులో పక్కపక్క ఇళ్లలోకి వచ్చాయి. అనువాదకులు దీనిని ఉద్దేశించి ఉండనక్కరలేదు. భాష తన చరిత్రతో అనువాదానికి ఇచ్చిన కానుక ఇది.

4. పునరుత్థానం, పునర్జన్మ, పునర్జీవనం

తత్సమ నామం కథ వేరు. ఉత్థానం తెలుగు పాఠకునికి కొత్త మాట కాదు. కార్తిక శుద్ధ ఏకాదశిని ఉత్థాన ఏకాదశి అంటారు. యోగనిద్ర నుంచి విష్ణువు మేల్కొనే దినమది. మేలుకొలుపులు, సుప్రభాతాలు అదే భావాన్ని ప్రతి ఉదయానికీ తెచ్చాయి. కాబట్టి ఉత్థానం అన్న మాట నిద్ర నుంచి మేల్కోవడాన్ని ముందే గర్భీకరించుకొని ఉంది. చిక్కు పునః అన్న పూర్వపదంతో వచ్చింది. అది పునర్జన్మను పక్కన నిలబెడుతుంది. పునర్జన్మలో శరీరం మారుతుంది, పేరు మారుతుంది, జ్ఞాపకం చెరిగిపోతుంది. పునరుత్థానంలో ఇవి మూడూ నిలుస్తాయి. మొదటిది చక్రం, రెండోది ఒకే ఒక్కసారి జరిగేది. పదాలు ఒకే అచ్చులో ఉండడం వల్ల ఈ భేదం ప్రసంగంలో మాటిమాటికీ విడమరచవలసి వస్తుంది. లేచు క్రియకు ఆ అవసరం లేదు. లేచినవాడు పడుకొన్నవాడేనన్నది ఆ క్రియలోనే ఉంది.

మూడో భావం ఒకటి తెలుగు కావ్యపాఠకునికి బాగా తెలుసు. అది పునర్జీవనం. భారత ఆదిపర్వంలో కచుడు మృతసంజీవని చేత బతుకుతాడు. ‘హరవిలాసము’లో సిరియాళుడు శివుని కరుణతో తిరిగి వస్తాడు. సత్యవంతుని ప్రాణాన్ని సావిత్రి తిరిగి తెచ్చుకొంటుంది. లోహితాస్యుడు కాటిలో లేస్తాడు. ఇవన్నీ విద్య వల్లనో, వరం వల్లనో, పాతివ్రత్యం వల్లనో, సత్యనిష్ఠ వల్లనో దక్కిన ప్రత్యేక ఫలాలు. తిరిగి వచ్చినవాడు మళ్లీ మర్త్యుడే. సువార్తల్లో లాజరు, నాయీను విధవరాలి కొడుకు ఈ తరగతికే చెందుతారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 15వ అధ్యాయంలో చెప్పిన పునరుత్థానం వీటికి భిన్నం. అది ఒకరి అర్హతకు దక్కిన వరం కాదు, అందరికీ సంబంధించినది. దానిని వివరించడానికి పౌలు ఎంచుకొన్న ఉపమానం విత్తనం. నేలలో పడిన గింజకూ మొలకెత్తిన పైరుకూ ఉన్న సంబంధం సేద్యం తెలిసిన తెలుగు శ్రోతకు వ్యాఖ్యానం లేకుండానే అందుతుంది.

ఆ అధ్యాయం ముగింపు ఈ వ్యాసానికి ముఖ్యం. మరణంపై విజయాన్ని చాటిన తర్వాత పౌలు పరలోక వర్ణనలోకి వెళ్లడు. చేస్తున్న ప్రయాస వృథా కాదని, స్థిరంగా పని చేయమని చెబుతాడు. తర్వాతి అధ్యాయం యెరూషలేములోని వారికోసం పోగుచేయవలసిన చందాతో మొదలవుతుంది. అంటే విశ్వాసానికి నిత్యజీవనం ఇవ్వవలసిన జవాబు మొదటి పాఠంలోనే పని, పంచుకోవడం అన్న రూపంలో ఉంది.

5. సమాధి దగ్గరి భాష

కోస్తాంధ్ర క్రైస్తవుల ఆచరణలో ఈస్టరు సమాధుల దగ్గర మొదలవుతుంది. పండుగకు ముందు సమాధుల చుట్టూ పిచ్చిమొక్కలు పీకుతారు, సున్నం వేస్తారు. పండుగనాడు తెల్లవారకముందే పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత సూర్యోదయ ఆరాధన. దీనిని పితృదేవతల ఆరాధనగా పోల్చడం సులువే. కాని ఇక్కడ తర్పణం లేదు, పిండం లేదు, చనిపోయినవారిని కోరేదీ లేదు. నిద్రపోతున్నవారి గది శుభ్రం చేసి దీపం పెట్టినట్టుగా ఉంటుంది ఆ పని. విశాఖ సమీపంలోని భీమునిపట్నంలో 17, 18 శతాబ్దాల డచ్చివారి సమాధులున్నాయి. వాటి రాళ్లమీద పేర్లు, వంశచిహ్నాలు చక్కగా చెక్కి ఉన్నాయి. సున్నం వేయడానికి వచ్చే కుటుంబాలు లేవు. ఆ ఫలకాలు చరిత్రకు ఆధారాలయ్యాయి. పేదవాని సున్నపు సమాధి అటువంటి ఆధారం కాకపోవచ్చు గాని ఏటేటా ఒకరి రాకను చూస్తుంది.

ఈ ఆచరణకు తగిన పదసంపద ఏర్పడింది. ప్రభుత్వ దస్తావేజుల్లో శ్మశానవాటిక అయినది సంఘం మాటల్లో సమాధుల తోట. యోహాను సువార్తలో ఏసును ఉంచిన చోటు తోటే. అక్కడ మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకొంటుంది. పూడ్చడం, పాతిపెట్టడం అన్న మాటల స్థానంలో భూస్థాపన వచ్చింది. శంకుస్థాపనలో, విగ్రహస్థాపనలో ఉన్న స్థాపనే ఇది. పూడ్చినదానితో పని ముగుస్తుంది, స్థాపించినదానితో మొదలవుతుంది. పెద్దకర్మకు బదులు ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక వచ్చాయి. మరణవార్తలో పరమపదించారు, శివైక్యం చెందారు, కాలం చేశారు అన్న మాటల సరసన ప్రభువునందు నిద్రించారు అన్నది చేరింది.

ఈ నిద్ర అన్న మాట దగ్గర ఆగవలసి ఉంది. యాస్కుని నిరుక్తం శ్మశానాన్ని శరీరం శయనించే చోటుగా నిర్వచించింది. సమాధిస్థలాన్ని చెప్పే గ్రీకు పదం కొయిమెతేరియోన్‌కు పడకగది అన్నదే మూలార్థం. రెండు సంప్రదాయాలూ చావును నిద్ర అన్నాయి. భేదం విశేషణంలో ఉంది. శాశ్వతనిద్ర అన్నప్పుడు మేల్కోవడం రద్దవుతుంది. ప్రభువునందు నిద్ర అన్నప్పుడు అది వాయిదా పడుతుంది. నేటి మరణ ప్రకటనల్లో, ఫ్లెక్సీల్లో ఈ రెండు మాటలూ విచక్షణ లేకుండా కలిసిపోతున్నాయి. వాడుక మాట విశ్వాసం కన్న బలమైనదని చెప్పడానికి ఇదొక నిదర్శనం. కాబట్టి ఏ మాట వాడుతున్నామన్న ఎరుక కూడా విశ్వాసానికి ఇచ్చే జవాబులో భాగమే.

6. రెండు పేర్లు

లేచినవాడు అదే పేరుతో లేస్తాడన్న నమ్మకానికి తెలుగునాట ఒక సామాజిక పర్యవసానం ఉంది. 1950నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఆ గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చారు. మతం మారినంత మాత్రాన పల్లెలో పేట మారలేదు, బావి దగ్గరి చూపు మారలేదు. కాగితం మీది గుర్తింపు మాత్రం మారింది. ఈ స్థితిలో బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో మరొక పేరు ఉన్న జీవితాలు ఏర్పడ్డాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక పేరు వినిపిస్తుంది. బాప్తిస్మపు పేరు ఆదివారానికి పరిమితమవుతుంది.

ఆ రెండో పేరు బహిరంగంగా, శాశ్వతంగా కనబడే మొదటి చోటు చాలామందికి సమాధిరాయి. యోహాను కథలో మరియ లేచినవానిని రూపం చూసి గుర్తుపట్టలేదు, తన పేరు పిలిచినప్పుడు గుర్తుపట్టింది. సమాధిరాయి మీద బాప్తిస్మపు పేరు చెక్కించే కుటుంబం ఆ పిలుపు కోసం పేరును సిద్ధం చేస్తున్నదని అర్థం చేసుకోవచ్చు. అందుకే సమాధుల తోటకు స్థలం దొరకకపోవడం, ఉన్న స్థలంలో పాత సమాధిమీదే కొత్తది కట్టవలసి రావడం కేవలం పురపాలక సమస్య కాదు. భూమి లేనివాడు బతికినన్నాళ్లూ ఎదుర్కొన్న సమస్య చచ్చాక కూడా అతన్ని వెంటాడడం అది. విశ్వాసం ఇచ్చే ఓదార్పు ఈ ప్రశ్నను మరిపించేదైతే అది నిద్రమందు అవుతుంది. లేచు అన్న క్రియకు కూర్చున్నచోటి నుంచి నిలబడడమన్న అర్థం కూడా ఉన్నదని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

7. ‘శ్మశానవాటి’లో లేవనివారు

వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో 1895లో పుట్టిన జాషువ రాసిన ‘శ్మశానవాటి’ తెలుగునాట అత్యధికంగా వినబడిన ఖండికల్లో ఒకటి. సత్యహరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు దాని పద్యాలను చేర్చుకోవడంతో అవి నిరక్షరాస్యుల నోటికీ వచ్చాయి. ఈ ఖండికను వైరాగ్యబోధగా, కరుణరస నిర్భరంగా చదవడం అలవాటు. దాని క్రియలను చదివితే మరొక పొర కనిపిస్తుంది.

తొలి శార్దూలం చెప్పే సంగతి ఇది: ఎన్నో ఏళ్లు గడిచాయి, ఇక్కడ కన్ను మూసిన దురదృష్టవంతుల్లో ఒక్కరూ లేచి రాలేదు. చావును చెప్పడానికి తెలుగులో పదుల కొద్దీ క్రియలుండగా, జాషువ వ్యతిరేకార్థంలో ఎంచుకొన్నది లేచు ధాతువునే. ఈస్టరునాడు క్రైస్తవులు ఒకరికొకరు చెప్పుకొనే శుభవార్తలోని ధాతువే అది. ఆ క్రియ వింటూ పెరిగిన ఇంటి కవి దానిని నిరాకరించినప్పుడు ఆ నిరాకరణకు, అలవాటుగా చెప్పే జగదనిత్యతకు లేని బరువు వస్తుంది.

ఆ పద్యం నిరాకరణతో ఆగదు. కదలిక లేని ఈ నిద్ర ఇంకెన్నాళ్లని అడుగుతుంది. ఇక ఎన్నటికీ అన్న నిశ్చయం ఉన్నవాడు ఎన్నాళ్లు అని అడగడు. ఆ ప్రశ్నలో గడువు ఉంది, గడువులో ఎదురుచూపు ఉంది. బైబిలులోని విలాప కీర్తనలు దేవుని ముందు పదేపదే పెట్టే ప్రశ్న కూడా ఎంతకాలమన్నదే. ఆ వెంటనే జాషువ తల్లులను తెస్తాడు. వారి కన్నీటికి అక్కడి రాళ్లు కాగిపోయాయంటాడు. సువార్తలో స్త్రీలు సమాధికి వెళ్లేసరికి రాయి పొర్లించి ఉంది. ఇక్కడ తల్లులు వచ్చారు, రాయి కరిగేంత ఏడ్చారు, అయినా ఎవరూ లేవలేదు. ఈ పోలికను ప్రభావ నిరూపణగా కాక పఠన మార్గంగా తీసుకొంటే, ఖండిక ఈస్టరుకు ముందటి శనివారం మీద నిలబడి ఉన్నదని అర్థమవుతుంది. మరణం నిజం, వార్త ఇంకా రాలేదు. ఆ రోజును దాటవేసి ఆదివారానికి పరుగెత్తే ఓదార్పుకు ఇది గట్టి హెచ్చరిక.

సీసంలో ఇచ్చోటనే అన్న మాట పాదపాదానా తిరిగి వస్తుంది. కవి కలం, రాజు అధికార ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుని కుంచె అన్నీ ఈ చోటనే అంతరించాయి. చనిపోయినవారిని వారి దేహాలతో కాక చేతిలోని పనిముట్లతో, ఒంటిమీది గుర్తులతో చెప్పడం ఇందులోని విశేషం. ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క మనిషిని వేరెవరితోనూ కలవనివ్వదు. సువార్త వార్త ఇక్కడ కాదంటుంది, జాషువ ఇక్కడే అంటాడు. ఈ రెండు దిశల మధ్య దూరమే విశ్వాసి నిత్యం నడిచే దూరం.

మరొకచోట, శ్మశానంలో అస్పృశ్యత తిరగడానికి తావు లేదన్న భావం వస్తుంది. దీనిని సాధారణంగా సామ్యవాద సూక్తిగా ఉదాహరిస్తారు. వాస్తవానికి తెలుగు ఊళ్లలో శ్మశానాలు కులానికొకటిగా విడిపోయి ఉన్నాయి. కవికి ఇది తెలియనిది కాదు. కాబట్టి ఆ వాక్యాన్ని వర్ణనగా చదివితే అబద్ధమవుతుంది, డిమాండుగా చదివితేనే నిలుస్తుంది. మృత్యువు సమం చేసినదానిని మనుషులు మళ్లీ గోడలు కట్టి విడదీశారన్న ఆరోపణ అందులో ఉంది. ఒకే నేల నుంచి అందరూ ఒకేసారి లేస్తారన్న విశ్వాసం ముందు ఆ గోడలకు అర్థం లేదు. క్రైస్తవ సమాధుల తోటలు కూడా కులం గోడలకు అతీతం కాకపోతే ఆ ఆరోపణ వాటికీ వర్తిస్తుంది.

నాటక ప్రదర్శనలో ఈ పద్యాలకు కలిగిన సందర్భం కూడా విమర్శకు అందవలసినది. ఎవరూ లేచి రాలేదన్న పద్యాన్ని పాడే హరిశ్చంద్రుడు, కథాంతంలో తన కొడుకు లేవడాన్ని చూస్తాడు. ప్రేక్షకుడు ఈ రెండింటినీ ఒకే రాత్రి, ఒకే రంగస్థలం మీద అనుభవిస్తాడు. అయితే లోహితాస్యుడు సత్యసంధుడైన రాజు కొడుకు కనుక లేచాడు. ఆ వాటిలో నిద్రించే పేరులేనివారి తల్లులకు ఆ వరం లేదు. పౌరాణిక పునర్జీవనానికీ సార్వత్రిక పునరుత్థానానికీ ఉన్న భేదం ఈ రంగస్థలం మీద కంటికి కనబడుతుంది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవే ‘శ్మశానవాటి’ కూడా రాశాడు. ఈ రెండింటినీ ఆస్తికత, సంశయం అన్న రెండు గదుల్లో పెట్టనక్కరలేదు. సమాధి దగ్గర అబద్ధం చెప్పకపోవడం కూడా విశ్వాసానికి చెందినదే.

8. ముగింపు

పునరుత్థాన విశ్వాసానికి తెలుగు జీవితం ఇచ్చిన జవాబు ముందుగా ఒక క్రియలో ఉంది. పునరుత్థానము అన్న నామానికి పునర్జన్మ పొరుగు వల్ల వివరణ అవసరమైంది. లేచు అన్న క్రియ తెల్లవారి మేల్కొనడాన్ని, కూలబడినచోటి నుంచి నిలబడడాన్ని, మృతుడు తిరిగి రావడాన్ని ఒకే ఊపిరిలో పలికింది. వర్ణవ్యత్యయం ఆ క్రియను లేడు అన్న తెలుగు దుఃఖపు మాటకు పక్కన నిలిపింది. ఈ రెండు మాటల మధ్యనే సమాధికి సున్నం వేయడం, పేరు చెక్కించడం, భూస్థాపన అనడం, ఆదరణ కూడికలో భోజనం పంచుకోవడం జరుగుతున్నాయి.

జాషువ ఖండిక ఈ ఆచరణకు ఎదురు నిలబడేది కాదు. దానికి కొలత ఇచ్చేది. తల్లుల కన్నీటిని, కులపు గోడలను చూడకుండా లేచెను అనడం తేలిక. వాటిని చూసిన తర్వాత కూడా ఎన్నాళ్లని అడగగలగడంలోనే ఆ మాట విలువ ఉంది. తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని మిషనరీ సేవగానో, సామాజిక పత్రంగానో చదివిన పరిశోధన ఇకముందు దాని క్రియలను, మరణవార్తలను, సమాధిరాళ్ల మీది నాలుగు పంక్తులను కూడా సాహిత్య సామగ్రిగా స్వీకరించవలసి ఉంది. విశాఖ సమాధుల తోటల్లో ఆ సామగ్రి ఎండకు, ఉప్పుగాలికి అరిగిపోతున్నది. సున్నం వేసే చేతులున్నంతవరకే ఆ పేర్లు చదవడానికి వీలవుతుంది.